నాలుగో మైక్రోస్కోపు

కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు స్పిరిట్ దీపం. అగ్గిపుల్ల దగ్గరికి తెస్తే చాలు, భగ్గుమంటానట. ఆ పేరు నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. నిజం చెప్పొద్దూ, విన్నప్పుడు లోలోపల కాస్త మురిసిపోయాను కూడా. నేను వృక్షశాస్త్రం చెబుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా ప్రాక్టికల్స్‌లో తప్పినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చని స్టాఫ్‌రూమ్‌లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఇప్పుడు ఆ మాటలు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఎందుకో ఇంతవరకూ ఎవరికి చెప్పినా సగమే చెప్పాను. ఈసారి మొత్తం చెబుతాను.

ఆ రోజు చివరి సంవత్సరం పిల్లల ప్రాక్టికల్ పరీక్ష. కిటికీల పక్కన పొడుగాటి బల్ల, దానిమీద ఐదు మైక్రోస్కోపులు, ఒక్కోదాని ముందు అట్టముక్క మీద ఒక నంబరు. మూడు నిమిషాలకోసారి గంట కొడతాం. గంట కొట్టగానే పక్క మైక్రోస్కోపు దగ్గరికి జరగాలి. కనిపించింది ఏమిటో, అదే అని ఎందుకు అనుకుంటున్నారో కాగితం మీద రాయాలి. ఒక్కోదానికి ఐదు మార్కులు.

ఐదూ క్షయకరణ విభజనకు సంబంధించినవే. మామూలుగా కణం రెండుగా చీలితే రెండింటికీ క్రోమోసోములనే దారాల సరుకు పూర్తిగా అందుతుంది. అది సమవిభజన. వేళ్ళూ ఆకులూ పెరిగేది అలాగే. పువ్వు మొగ్గలో, పుప్పొడి తయారయ్యే చోట మాత్రం పద్ధతి వేరు. అక్కడ క్రోమోసోములు ముందు జతలు కడతాయి. జతలోని రెండూ ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి. తర్వాత జతలు కణం నడుమ బారులు తీరి, విడిపోయి, ఒకటి ఇటూ ఒకటి అటూ వెళ్ళిపోతాయి. ఇంకోసారి చీలాక నాలుగు కణాలు తేలతాయి. ఒక్కోదానికి దక్కేది సగం సరుకే. ఆ సగానికి ఇంకో సగం ఎక్కడో కలిస్తేనే మళ్ళీ ఒక ప్రాణి. ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు తెలిసేది కాదు, అంత ఇష్టం.

మొదటి మైక్రోస్కోపులో సన్నని దారాలు, రెండో దాంట్లో జతలు, మూడో దాంట్లో నడుమ బారులు, నాలుగో దాంట్లో విడిపోయి చెరోవైపు వెళుతున్నవి, ఐదో దాంట్లో నాలుగు కణాలు. ఏటా అవే స్లైడ్లు, అదే వరుస. సీనియర్లు జూనియర్లకు జవాబులు అప్పజెప్పి వెళతారు. నాలుగు అనగానే నిద్రలో లేపి అడిగినా "క్షయకరణ, మొదటి చలనదశ" అంటారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. నా పాస్ శాతం అలా వచ్చిందే కదా.

ఆ పరీక్షకు ఒక అమ్మాయి మూడోసారి వచ్చింది. ఒకసారి టైఫాయిడ్‌తో, ఇంకోసారి నిజంగానే చదవక తప్పింది. పొద్దున్నే ఇస్త్రీ షాపులో పని చేసి కాలేజీకి వచ్చేది. వేళ్ళమీద కాలిన మచ్చలు ఉండేవి. హాజరు పిలిచేటప్పుడు నేనే సరదాకి "మూడోసారి వచ్చిందా?" అని అడిగాను. అంతే, క్లాసంతా పకపకా నవ్వి ఆ పేరే ఖాయం చేసేసింది. ఆస్పత్రి ల్యాబ్‌లో ట్రైనీగా చేర్చుకుంటామని ఆ అమ్మాయికి కాగితం వచ్చి ఉంది, పాసైతేనే అన్న షరతు మీద. ఈసారి తప్పితే ఇక పరీక్షకు కూర్చోనివ్వరు, కోర్సే రద్దు. అది నాకు తెలియదని అనను. తెలుసు.

పేపర్లు దిద్దుతుంటే ఆ అమ్మాయి కాగితంలో నాలుగో నంబరు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. "సమవిభజన. చలనదశ. ఇది క్షయకరణ కాదు" అని రాసి, 'కాదు' కింద గీత కూడా గీసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు పక్కన కూర్చుని టీ తాగుతున్నారు. క్లాసంతా ఇంకా అక్కడే ఉంది. నోటి పరీక్షకు ముందుగా ఆ అమ్మాయినే పిలిచాను.

"ఏమ్మా, ఇదేంటిది?"

"సమవిభజన మేడం."

"ఇవాళ పెట్టినవన్నీ ఏ విభజనవి?"

"మిగతా నాలుగూ క్షయకరణవే మేడం. ఇదొక్కటే కాదు." మాట తడబడలేదు. "జతలు విడిపోతున్నప్పుడు ఒక్కో క్రోమోసోములో రెండేసి పోగులు కనపడాలి కదా మేడం. ఇందులో ఒక్కో పోగే ఉంది. పైగా కణాలన్నీ ఇటుకలు పేర్చినట్టు ఉన్నాయి. మొగ్గలోవైతే గుండ్రంగా, విడివిడిగా ఉండాలి కదా."

"అబ్బో! అయితే నీకే తెలుసు, మాకెవరికీ తెలీదు."

"అలా కాదు మేడం. ఒక్కసారి మీరు చూడండి, ప్లీజ్."

చూడమంది. నన్ను! నా ల్యాబ్‌లో, ఎక్స్‌టర్నల్ ఎదురుగా!

"నువ్వు పాలు తాగే రోజుల నుంచీ చూస్తున్నా ఆ స్లైడు! నువ్వా నాకు చూపించేది? కళ్ళు ఎక్కడ పెట్టుకుని చూశావ్? రెండుసార్లు తప్పినా బుద్ధి రాలేదు. రేపు ఆస్పత్రిలో ఎవరి రక్తం చూసి ఎవరికి ఏ రోగం అంటగడతావ్? దయచేసి ఆ ఉద్యోగానికి మాత్రం పోకు తల్లీ, పుణ్యం ఉంటుంది."

అందరూ నవ్వారు. ఎక్స్‌టర్నల్ సారు కూడా టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ అమ్మాయి తల దించుకుని నిలబడింది. నేను నాలుగో జవాబు మీద ఎర్రగా సున్నా చుట్టాను. ఆ మైక్రోస్కోపు నాకు మూడడుగుల దూరంలో ఉంది. వంగి చూడడానికి పది సెకన్లు పట్టేది. చూడలేదు.

నోటి పరీక్ష, రికార్డు మార్కులు కూడా కలిపితే వందకు ముప్ఫై ఎనిమిది వచ్చాయి. పాస్ కావాలంటే నలభై. నేను షీటులో ముప్ఫై ఎనిమిది వేసి, పక్కన తప్పింది అని రాశాను. ఎక్స్‌టర్నల్ సారు ఆ షీటు తీసుకుని సంతకాలకు ఆఫీసు గదిలోకి వెళ్ళారు.

పిల్లలందరూ వెళ్ళిపోయాక ల్యాబ్‌లో నేనూ సీసాలక్కా మిగిలాం. సీసాలక్క మా ల్యాబ్ అటెండరు. గాజు సామాను కడిగి కడిగి ఆ పేరు వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఇక్కడ పాతకాపు. నలుగురిలో మేడం అంటుంది, ఎవరూ లేనప్పుడు అమ్మాయ్ అంటుంది. స్లైడ్లు తుడిచి పెట్టెలో సర్దుతూ, నావైపు చూడకుండా అంది.

"అమ్మాయ్, ఆ పిల్లకి సున్నా వేశావా?"

"మరేం వెయ్యమంటావ్? సన్మానం చెయ్యనా?"

"ఉల్లిపాయని ఉల్లిపాయ అంటే సున్నానా?"

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా గుర్తొచ్చింది.

నేను కొత్తగా చేరిన ఏడాది. ఆ ఐదు స్లైడ్లూ అప్పటి మా హెడ్డు, పెద్దసారు, సొంత చేతులతో చేసినవి. క్షయకరణ స్లైడు చెయ్యడం మాటలు కాదు. మొగ్గ సరిగ్గా ఆ సైజులోనే ఉండాలి, ఉదయం సరిగ్గా ఆ వేళకే కొయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైతే లోపల అంతా పుప్పొడి అయిపోయి ఉంటుంది. ఆ నాలుగోది దొరకడానికి ఆయనకు రెండు పూల కాలాలు పట్టిందట. నేను తొందరమనిషిని. ఒకరోజు ఫోకస్ చేస్తూ పెద్ద లెన్సును కిందికి దించేశాను. పటుక్కుమంది. స్లైడు మూడు ముక్కలు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

వేళ్ళు రావడం కోసం నీళ్ళ గ్లాసు మీద పెట్టిన ఉల్లిపాయ ల్యాబ్‌లో ఎప్పుడూ ఉంటుంది. దాని వేరుకొన తుంచి, రంగు వేసి, నలిపి, చీలుతున్న కణం ఒకటి వెతికి పట్టుకుని స్లైడు చేసేశాను. వేరులో జరిగేది సమవిభజన. పైపైన చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, చెరోవైపు వెళుతున్న రెండు గుంపులు. పగిలిన స్లైడు మీది లేబుల్‌ను తడిపి ఊడదీసి, కొత్తదానికి అతికించాను. లేబుల్ మీద పెద్దసారు ముత్యాల్లాంటి అక్షరాలు: క్షయకరణ, మొదటి చలనదశ. గాజు ముక్కలు ఊడ్చింది సీసాలక్కే. "పూల కాలం రాగానే అసలుది చేసి మార్చేస్తానక్కా, ఎవరికీ చెప్పకు" అని చేతులు పట్టుకున్నాను.

పూల కాలం వచ్చింది, వెళ్ళింది. ఆ ఏడాది పెళ్ళి, మరుసటి ఏడాది పాప. పెద్దసారు రిటైరయ్యారు. మారుద్దాం, మారుద్దాం అనుకుంటూనే మర్చిపోయాను. ఇందులో అన్నిటికంటే సిగ్గుపడాల్సింది మర్చిపోవడం కూడా కాదు. ఏటా ఆ స్లైడు చూపించి పాఠం చెప్పీ చెప్పీ, నాకు కూడా అందులో క్షయకరణే కనిపించడం మొదలైంది. దాన్ని చూసే బోర్డు మీద బొమ్మ వేశాను. లేని రెండో పోగును నా చేత్తో గీశాను.

లేచి నాలుగో స్లైడు తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి వంగాను. ఇటుకల వరుస. ఒక్కో పోగు. మొదటి సంవత్సరం పిల్లలకు చూపించినా చెప్పేస్తారు. ఉల్లిపాయ వేరు, ఇంకేముంది!

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను. తప్పు ఆమెది అన్నట్టు అడిగాను, చూడండి నా తెంపరితనం.

"మారుస్తానన్నావు కదా, మార్చావనే అనుకున్నా. నాకేం తెలుసు లోపల ఏముందో? ఇటుకలు, ఒక్క పోగు అని ఆ పిల్ల అంటుంటే అప్పుడర్థమైంది, ఉల్లివేరు పాఠంలో ఏటా నువ్వు చెప్పే మాటలేగా అవి." స్లైడ్ల పెట్టె మూత వేసింది. "వెళ్ళి చెప్పు అమ్మాయ్. మార్కుల కవరు ఇంకా అంటించలేదు. ఆఫీసులోనే ఉన్నాడాయన."

వెళ్ళాను. వరండా పొడుగునా మాటలు కూడగట్టుకుంటూ వెళ్ళాను. సారూ, ఆ స్లైడు తప్పు, ఆ అమ్మాయి రాసింది ఒప్పు, పొరపాటు నాది. ఇంతే కదా, మూడు ముక్కలు. గదిలో ఎక్స్‌టర్నల్ సారుతోపాటు ప్రిన్సిపాల్, ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. నన్ను చూడగానే ప్రిన్సిపాల్ "రండి రండి, మీ రిజల్టు గురించే సారుకు చెబుతున్నా" అన్నారు.

చివరికి నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఆ అమ్మాయికి ఒక్క రెండు మార్కులు గ్రేస్ కలుపుదామండీ. పాపం, ఇంట్లో ఇబ్బందులు. ఇదే ఆఖరి అవకాశం."

ఎక్స్‌టర్నల్ సారు ఆశ్చర్యపోయి చూశారు. "పొద్దున అంతలా మండిపడ్డారు, మనసు మాత్రం వెన్నండీ మీది" అంటూ ముప్ఫై ఎనిమిది కొట్టేసి నలభై వేశారు. ప్రిన్సిపాల్ మెచ్చుకోలుగా తలాడించారు. ఆ అమ్మాయికి హక్కుగా రావాల్సిన ఐదు మార్కులు నేను కొట్టేసి, రెండు మార్కులు భిక్షంగా వేయించి, పైగా మంచిదాన్ని అనిపించుకుని బయటికి వచ్చాను.

ఇంట్లో అన్నం సయించలేదు. పళ్ళెంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. "ఏంటే, ఒంట్లో బాగాలేదా?" అంది అత్తయ్య. "పరీక్ష కదమ్మా, ఇవాళ ఎంతమందిని కాల్చేసి వచ్చిందో" అన్నారు మా ఆయన. ఒకమ్మాయికి మార్కులు కలిపించానని చెప్పాను, ఎందుకో మాత్రం చెప్పలేదు. "నీకూ జాలి పుట్టిందంటే వర్షం కురవాలే!" అని ఆయన నవ్వారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "మంచిపని చేశావమ్మా, ఉత్తపుణ్యానికి ఆడపిల్ల బతుకు పాడయ్యేది" అని నా వీపు నిమిరింది. ఆ చెయ్యి పడ్డచోట నాకు కంపరం పుట్టింది. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి సర్టిఫికెట్ కోసం వచ్చి, ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. పక్క గదిలో పిల్లలు రెండో సంవత్సరం వాళ్ళతో కలిసి ఫేర్‌వెల్‌కు కాగితాలు కత్తిరిస్తున్నారు, ఒకటే గోల.

"మీరే చెప్పి పాస్ చేయించారట మేడం. గుమాస్తాగారు చెప్పారు. మీ మేలు మర్చిపోను."

"లోపలికి రా."

"సోమవారం ఆస్పత్రిలో చేరుతున్నా మేడం. ఆ రోజు ఎదురుచెప్పాను, తప్పయిపోయింది. ఏం అనుకోకండి."

ఇక నా వల్ల కాలేదు. నాలుగో స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. లేబుల్ మీద కాగితం కప్పాను. "చూడు, చూసి చెప్పు. నీకు ఏం కనిపిస్తే అదే చెప్పు" అన్నాను. తను మళ్ళీ సమవిభజన అంటుందనీ, అప్పుడు నేను అవును నువ్వే కరెక్ట్ అంటాననీ, అంతటితో అయిపోతుందనీ నా లెక్క. చెప్పడం తేలికవుతుందని.

ఆ అమ్మాయి వంగి చాలాసేపు చూసింది. స్క్రూ అటూ ఇటూ తిప్పింది.

"క్షయకరణ మేడం. మొదటి చలనదశ."

"సరిగ్గా చూడు. పోగులు ఎన్ని?"

"రెండేసి ఉన్నాయి మేడం." తలెత్తి, తప్పు చేసినదానిలా నవ్వింది. "ఆ రోజు కంగారులో నాకు ఒక్కటే కనిపించింది. ఇంటికెళ్ళి మీ నోట్సులో బొమ్మ చూశాను. రోజూ చూస్తున్నా. ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. ఆస్పత్రిలో కూడా ముందు లేబుల్ చదివాకే చూస్తాను మేడం, మీరన్నట్టు ఎవరికీ ఏ రోగమూ అంటగట్టను."

ఉన్నది ఉన్నట్టు చూసిన కళ్ళు అవి. నాలుగు రోజుల్లో వాటికి నా రోగం అంటించేశాను.

అప్పుడు చెప్పాను. స్లైడు పగలగొట్టడం, ఉల్లిపాయ, లేబుల్, గ్రేస్ మార్కులు, అన్నీ చెప్పాను. పక్క గదిలోకి వినబడకుండా గొంతు తగ్గించి చెప్పాను. అంతా విన్నాక ఆ అమ్మాయి మళ్ళీ వంగి స్లైడు చూసింది. ఈసారి త్వరగానే తలెత్తింది.

"ఒక్కటే పోగు" అంది.

"అవునమ్మా."

"నేను తప్పలేదు."

"లేదు. నువ్వు రాసిందే ఒప్పు. నన్ను క్షమించు."

కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. పక్క గదివైపు చూసి మామూలుగానే అడిగింది. "ఆ రోజు అందరి ముందూ అన్నారు కదా మేడం. అందరూ అక్కడే ఉన్నారు. ఈ మాట వాళ్ళ ముందు చెప్తారా?"

"చెప్తాను. తప్పకుండా చెప్తాను. ఇవాళ హడావిడిగా ఉన్నారు కదా, రేపు క్లాసులో కూర్చోబెట్టి వివరంగా చెప్తాను."

"మీ ఇష్టం మేడం" అని సర్టిఫికెట్ కవరు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు చెప్పాను. మాట తప్పలేదు. అందరినీ కూర్చోబెట్టి "నాలుగో నంబరు ఏమిటి?" అని అడిగాను. "క్షయకరణ, మొదటి చలనదశ!" అని ముప్ఫై గొంతులు ఒక్కసారిగా అరిచాయి. "తప్పు" అన్నాను. నవ్వుతున్నానేమోనని నా మొహంలోకి చూశారు. అంతా చెప్పాను. ఈసారి గొంతు తగ్గించలేదు. గది చివర సీసాలక్క గోడకు ఆనుకుని వింటోంది. చివరి బెంచీలోంచి ఒకడు చెయ్యెత్తాడు. "మేడం, అయితే మా మార్కులు తీసేస్తారా?"

తియ్యరని చెబితే ఊపిరి పీల్చుకున్నారు. ఆ అమ్మాయి గురించి ఒక్కరూ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా నేను నేర్పించింది అదే మరి. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం కూడా రాసిచ్చాను. బయటికి వస్తుంటే సీసాలక్క "ధైర్యంగా చెప్పావు అమ్మాయ్" అంది. మా ఆయన అదే అన్నారు, అత్తయ్య కూడా అదే అంది. ఒకరోజు ఆగినా ధైర్యం చేశానని.

ఆ అమ్మాయికి కాలేజీతో పని అయిపోయిందనీ, మర్నాడు రాదనీ నాకు తెలుసు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది నేనే. నేను ఆ ఒక్కరోజు ఆగింది ధైర్యం కోసం కాదు. తన ఎదుట చెప్పాల్సిన అవసరం లేకుండా చూసుకోవడానికి.